సొంత పెరడు, పరాయి ప్రాణం

1878లో వైస్రాయి లిట్టన్ హయాంలో వచ్చిన ఆయుధ చట్టం భారతీయుడి తుపాకికి లైసెన్సు తప్పనిసరి చేసి, ఐరోపా జాతీయులను మినహాయించింది. 1931లో కరాచీ కాంగ్రెస్, నియమాలకు లోబడి ఆయుధం ధరించడాన్ని ప్రాథమిక హక్కుగా తీర్మానించింది. రాజ్యాంగంలో ఆ హక్కుకు చోటు దక్కలేదు. స్వతంత్ర భారతం 1959 చట్టంలోనూ లైసెన్సు విధానాన్నే కొనసాగించింది.

కాలక్రమంలో ఉత్తరాదిన లైసెన్సు తుపాకి హోదాకు గుర్తయింది. పెళ్లి ఊరేగింపుల్లో పేలి అతిథులను బలిగొంది. అందుకే 2019 సవరణ వేడుక కాల్పులను ప్రత్యేక నేరం చేసింది. నిర్లక్ష్యంగా కాల్చి ఇతరుల ప్రాణాలకు ముప్పు తెస్తే రెండేళ్ల వరకు జైలు, లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. పెళ్లి సొంత పెరట్లో జరిగినా మినహాయింపు లేదు.

అయితే సాక్షులందరూ బంధువులే అయినచోట నోరు విప్పేదెవరు? శిక్ష రాసినంత సులువు కాదు, దాన్ని అమలు చేయడం.