దెబ్బ తగిలితే కబురు ఎవరు చెప్పాలి?

పోయిన నెల ఒక ఆదివారం మా పెద్దమ్మను చూడటానికి ఆవిడ ఉంటున్న హోమ్‌కు వెళ్ళాను. నుదుటి మీద కుట్లు. "గురువారం రాత్రి బాత్‌రూమ్‌లో జారిపడ్డానురా" అంది. మాలో ఎవరికీ ఫోన్ రాలేదు. మేనేజర్‌ని అడిగితే "మిమ్మల్ని కంగారు పెట్టడం ఎందుకని చెప్పలేదు సార్" అన్నాడు.

ఇంటికొచ్చాక, ఈ కబురు చెప్పే బాధ్యత గురించి మన చట్టాలు ఏమంటున్నాయో తిరగేశాను.

మనవాళ్ళను పరాయి చేతుల్లో పెట్టడం ఈ ఊరికి కొత్త కాదు. ఇప్పటి కీల్పాక్ మానసిక ఆసుపత్రికి మూలం 1794లో డాక్టర్ వాలెంటైన్ కనోలీ పెట్టిన ఆశ్రయం. రెండు వందల ఏళ్ళ తర్వాత, మన రాష్ట్రంలోనే, రామనాథపురం జిల్లా ఏర్వాడిలో ఘోరం జరిగింది. దర్గా దగ్గర నయమవుతుందన్న నమ్మకంతో కుటుంబాలు తమవాళ్ళను అక్కడి ప్రైవేటు హోమ్‌లలో వదిలి వెళ్ళేవి. 2001 ఆగస్టు 6 తెల్లవారుజామున ఒక హోమ్‌కు నిప్పంటుకుంది. గొలుసులతో కట్టేసి ఉండటంతో 28 మంది తప్పించుకోలేక చనిపోయారు. సుప్రీంకోర్టు తనంతట తానే కేసు చేపట్టింది.

ఆ తర్వాత 16 ఏళ్ళకు వచ్చిన 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులను నిషేధించింది. తప్పనిసరై రోగిని కదలకుండా కట్టడి చేస్తే, ఆయన నియమించుకున్న ప్రతినిధికి 24 గంటల్లోగా తెలియజేయాలని 97వ సెక్షన్ చెబుతోంది.

మరి వృద్ధాశ్రమాల సంగతి? తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో వచ్చింది. జిల్లాకు ఒక ఆశ్రమం, అందులో కనీసం 150 మందికి చోటు అని అందులో ఉంది. పడిపోతే ఇంటికి కబురు చేయాలన్న మాట మాత్రం లేదు. అమెరికాలో 1987 నర్సింగ్ హోమ్ సంస్కరణ చట్టం కింద వచ్చిన నిబంధనల ప్రకారం, డాక్టర్ చూడాల్సినంత దెబ్బ తగిలితే కుటుంబ ప్రతినిధికి వెంటనే చెప్పి తీరాలి. మన పిల్లలు ఉంటున్న దేశంలో ఉన్న రూలు, వాళ్ళ అమ్మానాన్నలు ఉంటున్న ఊళ్ళో లేదు.

చట్టం వచ్చేదాకా మనం చేయగలిగింది ఒకటుంది. హోమ్‌లో చేర్చే రోజునే కాగితం మీద రాయించుకోండి: పడినా, దెబ్బ తగిలినా, ఆసుపత్రికి తీసుకెళ్ళినా అదే రోజు ఫోన్ చేయాలి. పిల్లలు విదేశంలో ఉంటే చెన్నైలో ఉండే ఒకరి నంబరు కూడా ఇవ్వండి. ఎవరూ లేకపోతే మన సంఘంలో ఒకరం ముందుకు వద్దాం.

పెద్దమ్మ కుట్లు విప్పేశారు. "నాలుగు రోజులు నీ కోసం గుమ్మం వైపే చూశాను" అంది. నాకు తెలియదని ఆవిడకు తెలియదు.

మీ అనుభవాలు కూడా రాయండి.