కొచి (హంగేరియన్ పదం)

కొచి అనేది హంగేరియన్ భాషలో గుర్రపుబండికి పేరు. నేటి వాడుకలో కారునూ రైలు పెట్టెనూ కూడా కొచి అనే అంటారు. హంగరీ వాయవ్య భాగంలో, టాటా పట్టణానికి దగ్గరలో ఉన్న కొచ్ అనే పల్లె పేరే దీనికి మూలం.

మాత్యాష్ రాజు పాలించిన కాలంలో (1458–1490) ఈ పల్లె వియన్నా–బుడా దారిలో ఉండేది. ఇక్కడి పనివారు తయారుచేసిన బండ్లు తేలికగా ఉండి వేగంగా పోయేవి. వాటిని 'కొచి సెకేర్' అన్నారు. సెకేర్ అంటే బండి. కొచ్‌కు చేరిన 'ఇ' ఊరి పేరును విశేషణంగా మార్చే ప్రత్యయం. కొంతకాలానికి సెకేర్ జారిపోయి విశేషణమే నామవాచకమైంది. 'పోచంపల్లి కట్టుకుంది' అంటే చీర అన్న మాట లేకుండానే మనకు అర్థమవడం లాంటిదే ఇది.

బండితోపాటు పేరూ యూరప్ అంతా తిరిగింది. జర్మన్‌లో కుట్షె, ఫ్రెంచ్‌లో కోష్, ఇటాలియన్‌లో కొక్కియో, ఇంగ్లిష్‌లో కోచ్ అయింది. స్పెయిన్‌లో నేటికీ కారును కొచే అంటారు. ఈ వ్యుత్పత్తికి విలువైన పాత సాక్ష్యం దొరికేదీ స్పానిష్‌లోనే: 1548లో వెలువడిన జర్మనీ యుద్ధ చరిత్రలో లూయిస్ దె ఆవిలా, చక్రవర్తి ఐదవ చార్లెస్ వాడిన కప్పుబండి గురించి చెబుతూ, ఆ పేరూ ఆ తయారీ హంగరీవేనని రాశాడు. అయితే తర్వాతి శతాబ్దాల రాచ వాహనాల సొగసునంతా కొచ్ పనివారికి అంటగట్టడం సరికాదు. వారి ఘనత తేలికదనం, వేగం.

ఇంగ్లిష్‌లో ఈ మాట అర్థమే మారింది. 1830ల నాటికి ఆక్స్‌ఫర్డ్ విద్యార్థులు, తమను పరీక్ష గట్టెక్కించే ప్రైవేటు ఉపాధ్యాయుణ్ణి కోచ్ అనసాగారు. ఆ పేరు తర్వాత ఆటలు నేర్పేవారికీ వచ్చింది. తెలుగువారు వాడే రైలు కోచ్, క్రికెట్ కోచ్, కోచింగ్ సెంటర్ మూడూ ఇంగ్లిష్ మీదుగా వచ్చిన ఆ పల్లె పేరే.

హంగేరియన్‌లో బండి తోలేవాడు కొచిష్. ఇది ఇంటిపేరు కూడా. 1954 ప్రపంచ కప్‌లో 11 గోల్స్ చేసిన ఫుట్‌బాల్ ఆటగాడు షాండొర్ కొచిష్ పేరులో ఉన్నది ఇదే. సారాయి దుకాణానికి వాడే కొచ్మ మాత్రం స్లావిక్ భాషల నుంచి వచ్చింది, దీనికి చుట్టం కాదు. ఆటల శిక్షకుణ్ణి హంగేరియన్లు సొంత మాటతో ఎడ్జో అంటారు. వృత్తిజీవితంలో సలహాలిచ్చేవారికి మాత్రం ఇంగ్లిష్ కోచ్‌నే తెచ్చుకున్నారు.