సారా వంతెనయు గేల్సు ఇంజనీరును

గంగానదిపైఁ బ్రయాగయొద్ద 1905లోఁ దెఱవఁబడిన కర్జను వంతెనకును, దిగువ గంగయగు పద్మపై సారాయొద్ద 1915 మార్చి 4వ తేదీన హార్డింజి ప్రభువు తెఱచిన వంతెనకును ముఖ్యనిర్మాత రాబర్టు రిచర్డు గేల్సు. రెండవ వంతెన నేఁడు బంగ్లాదేశమున నున్నది.

కలకత్తానుండి ఉత్తరవంగమునకుఁ బోవు రైలుప్రయాణికులు పూర్వము పద్మను స్టీమరుపై దాఁటుచుండిరి. వంతెన ప్రస్తావన 1889లోనే పుట్టినను స్థలనిర్ణయమున వాదములు పెరిగి, 1910నఁ గాని పని మొదలు కాలేదు. తెలుఁగువా రెఱిఁగిన రాజమహేంద్రవరపుఁ బాత రైలువంతెన (1900) పొడవు మైలున్నరకు మించును, అంకణములు 56. సారాలో నదిపై నున్నవి సుమారు 345 అడుగుల యంకణములు పదునైదు మాత్రమే. అనఁగా నొక్క మైలు. ఒండ్రునేలలో మైళ్లకొలఁది యటునిటుఁ దిరుగు నదిని అంత యిఱుకు త్రోవలో నిలుపుట యెట్లు? నిలువకున్నచో వంతెన పొడినేలపై మిగులును, నది వేఱొకచోటఁ బాఱును.

పునాదిబావులు నీటిమట్టమునకు 150 అడుగులకు మించి దిగువకు దింపఁబడెను. ఇరువది నాలుగువేల కూలీలు పనిచేసిరి. ఇంజనీరు పేరు వ్రాసిన శ్రద్ధతోఁ జరిత్రకారులు వీరి పేర్లు వ్రాయలేదు.

అయినను అసలుపని గట్లయొద్ద జరిగినది. ప్రవాహమును వంతెనవైపునకు నడపుటకై యిరుప్రక్కల నదివెంట మట్టికట్టలు పోసి, నదివైపు వాలునకు రాళ్లు పేర్చిరి. కట్టపాదమున నీరు తగ్గినప్పుడు మందమైన రాతిపఱపు వేసిరి. వరదలోఁ గోఁత పడినపుడు ఆ రాళ్లు తమంత జాఱి, కోసిన వాలునే కప్పును. నది తన గోఁతచేతనే కట్టకుఁ గవచము తొడుగు నన్నమాట! ఈ కట్టల పద్ధతి గేల్సు కల్పించినది కాదు. బెల్లను నింజనీరు దానికి ఆద్యుఁడు, దానిని 1903లో గ్రంథముగా వివరించినవాఁడు ఫ్రాన్సిసు స్ప్రింగు. చెన్నపట్టణపు రేవునకు అధ్యక్షుఁడై గణితవేత్త రామానుజునకుఁ దోడ్పడిన స్ప్రింగు ఈతఁడే.

1933లో నది కుడికట్టను తెగఁగొట్టెను. వంతెన నిలిచినది గాని, పదునెనిమిదేండ్లు నమ్మిన కట్ట తెగుట సామాన్యవిషయము కాదు. దానిని బాగుచేయుటకు మరల రాళ్లు పోయవలసి వచ్చెను. తరువాత 1938లో గేల్సు రైలువంతెనలకై నదులను నడపు సూత్రములనుగూర్చి యొక వ్యాసమును లండనులోని సివిలింజనీర్ల సంఘపుఁ బత్రికలోఁ బ్రకటించెను.