అచ్చుకూటపు మాటలు – వాని పటములు

విద్య యనగా గ్రంథములలో నున్నదే యని తలచుట మనలో చిరకాలముగా వేరూనిన దురభ్యాసము. కొలిమి యొద్దను, మగ్గము గుంటలోను, అచ్చుకూటములోను ఉన్న జ్ఞానము మనకు విద్యగా గోచరింపదు. ఈ దోషము మనకే ప్రత్యేకము కాదు. మూడు శతాబ్దములకు పూర్వము ఇంగ్లండులో దీని నెదిరించి కృషిచేసిన యొకని చరిత్రమును చదువరులకు విన్నవించుచున్నాము.

జోసెఫ్ మాక్సన్ 1627లో జన్మించెను. గోళములను, పటములను చేసి యమ్ముచు జీవించిన యీతడు ముద్రణ మెరిగినవాడు. రెండవ చార్లెసు రాజునకు సముద్రపటముల నిర్మాతగా నియమితుడయ్యెను. 1678లో రాయల్ సొసైటీ పండితులు ఈ పనివానిని తమలో నొకనిగా నెన్నుకొనిరి. ఆ యేటనే అతడు చేతివృత్తులను గూర్చి పటములతో కూడిన చిన్న సంచికలను వెలువరింప మొదలిడెను. కమ్మరము, వడ్రంగము ముందు వచ్చినవి. 1683, 1684 సంవత్సరములలో ముద్రణకళ వచ్చెను. అక్షరములను చెక్కుట, పోతపోయుట, కూర్చుట, అచ్చొత్తుట – వీని నన్నిటిని సమగ్రముగా బోధించిన మొదటి గ్రంథ మిదియే.

ఆ కాలమున లండనులో పని నేర్వగోరు బాలుడు సాధారణముగా ఏడేండ్లు యజమాని యింట నుండవలసియుండెను. పనిమాటలు నోటినుండి చెవికి సంక్రమించుచుండెను. మాక్సన్ వానిని కంటికి చూపెను. అక్షరములను పంక్తిగా పేర్చు చిన్న పనిముట్టు కలదు. మన అచ్చుకూటములలో దానిని స్టిక్కు అనిరి. దానిని పటములో చిత్రించి, తల, అడుగు, వీపు, మరచీల మొదలగు ప్రతిభాగమునకును ఒక అక్షరపు గుర్తు నుంచి, ఆ గుర్తు ననుసరించి పేరును, ప్రయోజనమును వివరించెను. గ్రంథాంతమున అకారాదిగా పదకోశమును చేర్చెను. కాగితముపై సిరా ముద్దగా పడిన మచ్చను పనివారు ‘సన్న్యాసి’ యనియు, సిరా అంటక వెలవెలబోయిన చోటును ‘భిక్షువు’ అనియు అర్థమిచ్చు మాటలతో పిలుచుచుండిరట! ఇట్టి మాటలు విని క్రొత్తబాలుడు తెల్లబోవుట వింతయా?

అయినను మాక్సన్ గొప్పలు చెప్పుకొనలేదు. చేతినేర్పు మాటలతో రాదనియు, అభ్యాసముననే అబ్బుననియు మొదటనే యొప్పుకొనెను. పటము పనికి ప్రతినిధి కాదు. పనిలో ప్రవేశించుటకు వాకిలి మాత్రమే. కాని ఆ వాకిలి తెరచుటచే ఒక మహోపకారము జరిగినది. కొయ్య యంత్రములు మూలబడిన పిమ్మట, వానిని మరల నిర్మింప బూనినవారికి ఆ పుస్తకమే దారి చూపినది.

ఇక మన సంగతి. 1816లో కాంబెల్ రచించిన తెలుగు వ్యాకరణము చెన్నపురిలో అచ్చయ్యెను. నాటినుండి ఒకటిన్నర శతాబ్దమునకు పైగా మన పుస్తకములు సీసపు అక్షరములతోనే వెలసినవి. గుణింతములు, ఒత్తులు గల మన లిపికి ఇంగ్లీషునకు కావలసిన వానికంటె ఎన్నియో యధికమైన అచ్చులు కావలెను. ఏ గడిలో ఏ యక్షర మున్నదో చూడకయే చేయి పోనిచ్చిన కూర్పరుల నేర్పు సామాన్యమా? కంప్యూటరు వచ్చి ఆ సీసమును, ఆ గడులను తొలగించినది. అందుకు విచారింప బనిలేదు. పనితోపాటు మాటయు నశించుటయే విచారకరము.

ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ పక్షమున భద్రిరాజు కృష్ణమూర్తిగారు 1962లో రైతుల మాటలతో వృత్తిపదకోశమును ప్రకటించిరి. 1971లో చేనేత సంపుటము వెలువడినది. పొలములోని మాటయు భాషా సంపదయే యని అవి నిరూపించినవి. ముద్రణశాలలకు శిక్షణకై పోవు మన విద్యార్థులు ఆ మార్గము ననుసరింపవచ్చును. వృద్ధులైన కూర్పరుల సరసన కూర్చుండి, ఒక్కొక్క పనిముట్టును చిత్రించి, దాని పేరును వారి నోటినుండియే వ్రాసికొనవలెను. అట్లు చేసిన బాలునికి రెండు లాభములు: పని తెలియును, పనివానిని గౌరవించుట తెలియును. రెండవది మన బడులలో దుర్లభమైన పాఠము.

తన పుస్తకము నెవరు కూర్చిరో యెరుగని చదువు సగము చదువే యని మా యభిప్రాయము.