కాళ్ళకింద కొండ

రేపల్లె దగ్గర మా పుట్టింట్లో బోరు వేయించినప్పుడు పనివాళ్ళు పైకి తీసిన మట్టిని వరసగా కుప్పలు పోశారు. మొదట జిగట నల్లమట్టి, తర్వాత సన్నటి ఇసుక, మళ్ళీ మట్టి. ఇంకా లోతుకు పోగా గవ్వముక్కలు! సముద్రం అక్కడికి ఆమడ పైమాటే. “ఇక్కడ గవ్వలేమిటే?” అంది వదిన.

అదే మన కథ. తెనాలిలో రేపల్లె రైలెక్కండి, దారిలో గుట్టన్నది కనబడదు. కాని ఆ రైలు నడిచేది కొండల పొడిమీదే.

కొండవాగులో కుంభవృష్టి పడితే బండలు, చెట్లు, బురద కలిసి దొర్లుకొస్తాయి. వాలు తగ్గినచోట బరువంతా దించేస్తాయి. వాగు దారి అలా పూడిపోతే మరో వానకి ఇంకో దారి వెతుక్కుంటుంది. ఇలా పదేపదే జరిగి లోయ రూపే మారిపోతుంది. మహాబలేశ్వరం దగ్గర పుట్టిన కృష్ణమ్మ బండల్ని అక్కడే వదిలేసి, దక్కను నల్లరేగడిని మాత్రం మనదాకా మోసుకొచ్చింది. బుద్ధి మాత్రం ఆ వాగుదే! వరదకో మేట వేసి, పాయలు మార్చుకుంటూ సముద్రాన్ని వెనక్కి నెట్టింది. బాపట్లవైపు ఇసుకదిబ్బలు చూశారుగా? అవి తీరానికి సమాంతరంగా బారులు తీరి ఉంటాయి. ఒక్కో బారూ ఒకప్పటి సముద్రపుటొడ్డు.

1855లో బెజవాడ ఆనకట్ట పూర్తయింది. కాలవలొచ్చాయి, మన గాదెలు నిండాయి. కాదనను. 1957లో ప్రకాశం బ్యారేజీ, 1967లో నాగార్జునసాగర్, 1980లలో శ్రీశైలం. నీటితోపాటు మట్టీ ఆగింది. 1966-69 నాళ్ళలో ఏటా సుమారు 90 లక్షల టన్నుల ఒండ్రు దిగువకు వచ్చేదట. 2000-05 నాటికి ఒక్కో ఏడు 4 లక్షల టన్నులకు పడిపోయింది. మేట ఆగితే సముద్రం ఊరుకుంటుందా? తీరం చాలాచోట్ల కోసుకుపోతోంది.

అయినా వరద రావాలని ఎవరు కోరుకుంటారు? 2009 అక్టోబరులో బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులు దాటింది. 2024 సెప్టెంబరులో అంతకన్నా ఎక్కువే. 2009లో మా పుట్టింట్లో మోకాలిలోతు బురద. బియ్యం డబ్బాలు, పెళ్ళి ఫోటోలు, పట్టుచీరెలు అన్నీ పోయాయి. వదిన వారంరోజులు తట్టలతో ఎత్తి, తిట్టుకుంటూ పెరట్లో పోసింది.

ఆ ఏడు సంక్రాంతికి వెళితే, ఆ కుప్పమీద బీరపాదు పందిరి విరిగేటట్టు కాసింది. వదిన కాయలు సంచిలో వేసి ఇస్తూ, వరద మాట మాత్రం ఎత్తనివ్వలేదు.