గొలుసు విప్పు చోటు: పుట్టుపూర్వోత్తరములు

నన్నయభట్టారకుని ఆంధ్రమహాభారతమున కథారంభముననే ఒక కుక్కపిల్ల కనబడును. జనమేజయుడు సత్రయాగము సేయుచుండగా, దేవశుని యైన సరమ కొడుకు సారమేయుడు ఆ యాగభూమికి వచ్చి ఆడుకొనుచుండెను. రాజు తమ్ములు వానిని గొట్టిరి. సరమ సభకు వచ్చి, తప్పొనర్పని బిడ్డను వివేకము లేక హింసించినవారికి ఊహింపని భయములు వాటిల్లునని పలికి అదృశ్యురాలయ్యెను. పెద్దలు ఈ ఘట్టమున నీతిని జూచిరి. నాకు మాత్రము ఇందొక పురపాలక వివాదము గోచరించుచున్నది: పదిమందికి చెందిన స్థలమున కుక్క ఆడుకొనవచ్చునా, ఆడుకొన్నచో ఎవరి యనుమతితో, వలదనువారు దాని నేమి చేయవచ్చును?

మన పల్నాటిసీమలో మొన్నమొన్నటివఱకు ఈ వివాదమునకు తావే లేదు. మాచర్ల వైపు గొఱ్ఱెలమంద వెంట నడచు కుక్కకుగాని, గురజాల చుట్టుపట్ల మిరపకళ్ళముల యొద్ద రాత్రి కాపున్న కుక్కకుగాని మెడపట్టా యుండుట అరుదు, గొలుసుండుట మఱింత అరుదు. అది ఒక యింటి అన్నము తిని వీథికంతటికిని కావలి గాయును. దాని యజమాని యెవరన్న ప్రశ్నకు, అది ఎవరినైనను కఱచిననాడు తప్ప, తక్కిన దినములన్నిటను సమాధానము సులభముగానే దొరకును. గొలుసు మనకు సీమకుక్కతో వచ్చినది. 1915లోనే పురపాలకసంఘ మేర్పడిన నరసరావుపేటలో నేడు మూడవ అంతస్తున లాబ్రడారును పెంచువారు గలరు. తెల్లవాఱుజామున బెల్టు చేతబట్టి దానిని వీథిలోనికి దింపుదురు. మలుపు దాటకమునుపే ఊరకుక్కలు నాలుగైదు చుట్టుముట్టును. యజమాని భయపడి గొలుసు బిగించును, బిగించినకొలది ఆ మూగజీవి మఱింత బెదరి పండ్లిగిలించును. ఇరువురును మెట్లెక్కి ఇంటికి మరలుదురు. ఆ పూటకు దాని పరుగు అంతటితో సరి.

నగరోద్యానములలో కుక్కలను గొలుసు విప్పి విడుచుటకై కంచె గట్టిన ఆవరణము, అనగా మనవారు డాగ్ పార్కని వ్యవహరించునది, తోటల చరిత్రలోనిదని తలంచుట సహజము. నేనట్లు తలంపను. అది గొలుసు చరిత్రలో కడపటి ప్రకరణము. ఆ గొలుసును విధిగా మార్చినది పిచ్చికుక్క కాటు. లండనునగరమున 1867 నాటి వీథుల చట్టము, దిక్కులేక తిరుగు కుక్కలను పట్టుకొనుటకును, మూతికి చిక్కము వేయింపుమని శాసించుటకును పోలీసులకు అధికార మిచ్చెను. ఆ శతాబ్దాంతమున చిక్కపు ఉత్తరువులు దేశమంతట కఠినముగా అమలుపఱచి, 1902 నాటికి బ్రిటనువారు పిచ్చికుక్క వ్యాధిని తమ ద్వీపమునుండి వెడలగొట్టిరి. 1918లో అది మరల చొఱబడగా 1922 నాటికి మరల అణచిరి. వారికి సముద్రము కంచెయై నిలిచినది. మనకట్టి కంచె లేదు గనుక సూదిమందే దిక్కయ్యెను. 1885 జూలై 6న పారిస్ నగరమున లూయీ పాశ్చరు ఒక తొమ్మిదేండ్ల బాలునికి తొలిసారి ఆ వ్యాధికి టీకా వేసెను. 1900లో కసౌలియందును, గుంటూరుజిల్లా యేర్పడిన మూడేండ్లకు, 1907లో, నీలగిరులలోని కూనూరునందును పాశ్చరు సంస్థలు వెలసెను. కసౌలిలో డేవిడ్ సెంపుల్ గొఱ్ఱెమెదడునుండి సిద్ధపఱచిన మందే, బొడ్డుచుట్టు పదునాలుగు సూదులను పేరిట, మన తాతలను తండ్రులను వణికించినది. పల్నాటి పల్లెలలో కుక్కకాటుకన్న ఆ సూదులకే ఎక్కువ జడిసినవారు గలరు. నాటు పసరులవైపు పరుగిడి ప్రాణము గోల్పోయినవారును గలరు. ఆ మందు తయారీ మన దేశమున 2004 డిసెంబరులో నిలిచిపోయెను. నేటి సూది చేతికే వేయుదురు.

అమెరికాలో గొలుసు నిర్బంధము ముదిరిన పిమ్మటనే దానికి ప్రతిక్రియ పుట్టినది. కాలిఫోర్నియా రాష్ట్రమున బర్క్లీ పట్టణమున భూగర్భ రైలుమార్గమునకై ఇండ్లు పడగొట్టి ఖాళీచేసిన నేల, పనులు ముగిసినతరువాత ప్రజల పట్టుదలచే ఓలోనీ పార్కుగా మారెను. అందొక మూలను 1979లో ప్రయోగార్థము కంచె గట్టి కుక్కలకు విడిచిరి, 1983లో దానిని శాశ్వతము గావించిరి. ఈ జాతి ఆవరణములలో మొదటిదిగా దానినే పేర్కొందురు. దానిని సంరక్షించినవారిలో ముఖ్యులు కుక్కల యజమానులే. సంఘముగా కూడి చీపురు, చెత్తబుట్ట తామే చేపట్టిరి. న్యూయార్కువారు వేఱొక తెరువు ద్రొక్కిరి. 1978లో, కుక్క విసర్జించినదానిని యజమానియే ఎత్తివేయవలెనని శాసనము చేసిరి. పిమ్మట పెద్ద ఉద్యానములలో రాత్రి తొమ్మిది మొదలు ఉదయము తొమ్మిదివఱకు గొలుసు విప్పినను చూచీచూడనట్లూరకుండిరి. కొందఱు న్యాయస్థానమున కెక్కినను ఆ యాచారమే గెలిచి, 2007లో లిఖితనియమమయ్యెను. స్థలమును పంచలేనిచోట కాలమును పంచిరి. ఈ రెండింటిలో నాకు న్యూయార్కు ఉపాయమే మెండుగా నచ్చినది. కారణము ముందు చెప్పెదను.

తెలుగుగడ్డపై ఈ కథ 2018లో హైదరాబాదు కొండాపూర్‌కు చేరినది. అంతకుముందు చెత్త పోయుచుండిన 1.3 ఎకరముల నేలను నగరపాలక సంస్థ సుమారు 1.1 కోటి రూపాయలతో బాగుచేయించి, పచ్చికబయళ్ళు, నడకబాట, నీటిమడుగు, శిక్షణలో దూకుటకు వలయు పరికరములు, పశువైద్యశాల ఏర్పఱచి, పెద్దకుక్కలకు చిన్నకుక్కలకు వేఱువేఱు తావులు కల్పించి, దేశమున ఇట్టిదానిలో ఇదియే మొదటిదని ప్రకటించెను. చెత్తదిబ్బ తోటయగుట ఏ నగరమునకైనను శోభయే. కాని నరసరావుపేట కొండాపూర్ కాదు. కోటి రూపాయలున్నచో మన పురపాలకులు ముందు మురుగుకాలువలు చూడవలెనని నేనే కోరుదును.

ఐనను ఖర్చులేని పాఠములు అందనేకములు గలవు. ద్వారము సంగతి చూడుడు. మంచి ఆవరణమునకు ఒక ద్వారము చాలదు. రెండు తలుపుల నడుమ ఒక చిన్నగది వంటి చోటుండవలెను. వెలుపలి తలుపు మూసిన పిమ్మట, లోపలి తలుపు తీయకమునుపు, ఆ యిఱుకున నిలిచి గొలుసు విప్పవలెను. ఇది తప్పించుకొని పాఱిపోకుండుటకు మాత్రమే కాదు. గొలుసుతో నున్న కుక్కకు వెనుకకు తగ్గుటకు దారి యుండదు. విచ్చలవిడిగా నున్నవి దానిని మూగినచో తగవు తప్పదు. లోపల అడుగిడునప్పటికి అన్నిటి మెడలును ఒకేరీతి స్వేచ్ఛగా నుండినచో, ఒకదానినొకటి ప్రక్కనుండి వాసన చూచుకొని, పెక్కుపట్ల తమ మర్యాదలు తామే తీర్చుకొనును. ఆ ద్వారమునొద్దనే జనము గుమిగూడి కబుర్లాడుట కూడదని అనుభవజ్ఞులందఱు చెప్పుదురు; మనవారిచేత ఈ నియమమును పాటింపజేయుట కుక్కలకు నేర్పుటకన్న కష్టము.

ఇక నేల. మూత్రములోని నత్రజని పచ్చికను చక్రాలు చక్రాలుగా మాడ్చును. పరుగులతో వేళ్ళు తెగును. కావున స్థలమును రెండు భాగములు చేసి, ఒకదానికి విశ్రాంతి యిచ్చుచు రెండవదానిని వాడుదురు. మన నల్లరేగడియైనచో వాన పడిననాడు కుక్కకు, యజమానికి మోకాలివఱకు బురదయే. గరుసు పోయించి వాలు తీయింపక తప్పదు. పల్నాటి నాపరాళ్ళు చవుకగా దొరకునుగదా యని పఱపించినచో, ఎండకు కాగిన ఆ రాతిపై అరకాలి మెత్తలు బొబ్బలెక్కును. నాలుగు వేపచెట్లు, రెండు కానుగచెట్లు, ఒక కుళాయి, కడుగుటకు వీలైన తొట్టి అంతకన్న మేలు. పార్వో అను విషక్రిమి మట్టిలో నెలల తరబడి చావక నిలుచును గనుక, టీకాలు పూర్తికాని కుక్కపిల్లలను ఎంత ముద్దుగా నున్నను లోనికి రానీయరాదు. పిచ్చి టీకాకు ధనలోపమని చెప్పుటకు వీలులేదు. పాశ్చరు తొలి టీకా వేసిన జూలై 6వ తేదీననే మన పశువైద్యశాలలలో పెంపుడు కుక్కలకు ఉచితముగా వేయుదురు. ఆ చీటి చూపినవారికే లోపలి తలుపు తీయవలెను.

బయటి తలుపు ముందు నిలిచిన ఊరకుక్క మాట మిగిలియున్నది. 2023 నాటి నియమముల ప్రకారము దానిని పట్టి, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, పట్టినచోటనే విడువవలెను. 2025 ఆగస్టు 22న సర్వోన్నత న్యాయస్థానము, పిచ్చి సోకినవానిని, మీదబడి కఱచు స్వభావముగల వానిని విడువరాదనియు, ఊరకుక్కలకు అన్నము పెట్టుటకు ప్రతి వార్డునందును ప్రత్యేకస్థలము లేర్పఱుపవలెననియు ఆదేశించెను. ఈ అన్నపు చోటును ఉద్యానద్వారమునకు దూరముగా నిర్ణయించుట పురపాలకసంఘము ఒక్క కలముపోటుతో చేయగల పని. చేయకున్నచో ప్రతి ఉదయము ద్వారముకడ యుద్ధమే.

న్యూయార్కు ఉపాయము నాకు నచ్చుటకు కారణ మిదియే. నరసరావుపేటకుగాని మాచర్లకుగాని నేడు కావలసినది కొత్తనేల కాదు. ఉన్న పురపాలక ఉద్యానమున ఒక మూల, నిలువెత్తు వలకంచె, జంట తలుపులు, ఉదయమున నడకకు వచ్చువారికన్న ముందు ఒక గంట. ఆ గంట ముగియగానే ఎవరి కుక్క మలినము వారెత్తి, తాళపుచెవి కాపరికి అప్పగించి పోవుట. బర్క్లీలోవలె యజమానుల సంఘ మొకటి ఏర్పడి పూచీపడినచో పురపాలకసంఘమునకు కంచె వ్యయము తప్ప వేఱు భారముండదు. మండుటెండలకై రెంటచింతల పేరు వార్తలలో నిత్యము వినబడు వైశాఖ జ్యేష్ఠములలో మాత్రము ఆ గంట అయిదింటికే మొదలు కావలెను. ఆరు దాటిన పిమ్మట తలుపు తీయరాదు.