ఛాట్స్‌వర్త్ వంటింటిలో తెలుగు జాడలు

వలసపోయిన జాతి తనతో తీసుకొనిపోయిన సంపదలో మొట్టమొదట నశించేది ఏది, చిట్టచివరిదాకా నిలిచేది ఏది? భాషాభిమానులమైన మనకు ఈ ప్రశ్నకు వచ్చే సమాధానం కొంత బాధ కలిగించేదే. మొదట నశించేది భాష. చివరిదాకా నిలిచేది రుచి. మాటను మరచిన నాలుక పులుపును, కారాన్ని మరువదు. ఈ సత్యానికి నిదర్శనం వెదకాలంటే దక్షిణాఫ్రికాలోని డర్బన్ నగరానికి నైరుతి దిక్కున ఉన్న ఛాట్స్‌వర్త్ అనే టౌన్‌షిప్‌ను చూడాలి. టౌన్‌షిప్ అంటే మనం అనుకొనే పట్టణం కాదు. వర్ణవివక్ష పాలకులు తెల్లవారు కానివారికోసం ఊరికి దూరంగా కట్టించిన వాడ.

ఆ వాడ కథ చెరకుతోటలతో మొదలవుతుంది. నేటాల్ వలసరాజ్యంలోని తెల్లదొరలకు చెరకు సాగుకు కూలీలు కావలసివచ్చారు. 1860 అక్టోబరులో మద్రాసు రేవు నుండి బయలుదేరిన ట్రూరో అనే ఓడ నవంబరు 16వ తేదీన డర్బన్ చేరింది. 1911లో ఈ వలస నిలిచిపోయేనాటికి సుమారు 1,52,000 మంది ఒప్పందపు కూలీలుగా ఆ గడ్డపై కాలుమోపారు. వారిలో ఎక్కువమంది మద్రాసు రేవు మీదుగా పోయినవారే. తమిళులతోపాటు విశాఖపట్నం, గంజాం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల తెలుగువారూ అందులో ఉన్నారు. ఐదేండ్ల ఒప్పందం. మొదటి ఏడు నెలకు 10 షిల్లింగుల జీతం, ఆపై ఏడాదికొక షిల్లింగు పెంపు. కరవు, అప్పు, అవమానం వెంట తరుముతుంటే సముద్రం దాటినవారికి ఆ పది షిల్లింగులే పెన్నిధిగా కనబడ్డాయంటే ఇక్కడి వారి బ్రతుకు ఎట్లా ఉండెనో ఊహించుకోవచ్చు.

జీతంతోపాటు బత్తెం కూడా ఇవ్వాలని ఒప్పందంలో ఉంది: బియ్యం, పప్పు, ఉప్పు, ఎండుచేప, కొంచెం నెయ్యో నూనెయో. కాని చాలాచోట్ల దొరలు బియ్యానికి బదులు చౌకగా దొరికే మొక్కజొన్న పిండి కొలిచేవారు. మొక్కజొన్నను అక్కడ 'మీలీ' అంటారు. మన తల్లులు ఆ మొక్కజొన్నను బియ్యపు నూకవలె విరిచి, అన్నంలాగా వండి, దానికి 'మీలీ రైస్' అనే పేరు తెచ్చారు. జొన్నన్నమూ, చోడి అంబలీ ఎరిగిన చేతులకు ఇది కొత్త విద్య కాదు. జూలూ ప్రజలు మొక్కజొన్న పిండితో పొడిపొడిగా వండే 'పుతు'ను, పులిసిన పాలను కలుపుకొని తినడం మనవారికి అలవాటయింది. సంకటిలో చల్ల పోసుకొని తిన్నవారికి అది పరాయి తిండి ఎట్లా అవుతుంది?

ఒప్పందం ముగిసినవారిలో చాలామంది తిరిగి రాలేదు. కొందరు కౌలుకు నేల తీసుకొని కూరగాయలు పండించారు. కొందరు డర్బన్ పురపాలక సంఘంలో పారిశుద్ధ్య పనులకు కుదిరారు. ఈ పురపాలక కూలీలకోసం కట్టిన 'మ్యాగజీన్ బ్యారక్స్' అనే ఇరుకు గదుల వరుసలలో నివసించినవారు ఎక్కువగా తమిళులు, తెలుగువారు. ఊరి అంచున ఉన్న కేటో మేనర్‌లో భారతీయులూ, ఆఫ్రికన్లూ పక్కపక్కనే బ్రతికారు. పొరుగుతనం ఎల్లప్పుడూ స్నేహంగా లేదు. 1949 జనవరిలో చెలరేగిన అల్లర్లలో 142 మంది మరణించారు. వారిలో ఆఫ్రికన్లూ ఉన్నారు, భారతీయులూ ఉన్నారు. పేదవాడికి పేదవాణ్ణి శత్రువుగా చూపడం పాలకుల పాత విద్య.

1950లో గ్రూప్ ఏరియాస్ చట్టం వచ్చింది. ఏ రంగువాడు ఎక్కడ నివసించాలో నిర్ణయించే చట్టమది. దాని బలంతో 1960లలో కేటో మేనర్ నుండి, మ్యాగజీన్ బ్యారక్స్ నుండి వేలాది కుటుంబాలను లేవదీసి ఛాట్స్‌వర్త్‌కు తరలించారు. ఆ నేల కూడా ఖాళీగా లేదు. అరటి, కూరగాయలు పండించే భారతీయ రైతులు అప్పటికే అక్కడ ఉన్నారు. ఒక భారతీయుణ్ణి నిలపడానికి మరొక భారతీయుని చేను పోయింది. తెల్లవారి పేటలకూ, ఉమ్లాజీ అనే జూలూ టౌన్‌షిప్‌కూ నడుమ అడ్డుగోడగా ఈ వాడను నిలిపారు. ఒకే తీరు చిన్న ఇండ్లు, యూనిట్లుగా విభజించి అంకెలు తగిలించిన వీధులు. పని చేసే చోటు దూరం, బస్సు ఖర్చు అదనం. ఉమ్మడి కుటుంబాలు చీలిపోయాయి, గుడులు వెనుకబడ్డాయి.

అయినా పొయ్యి వెలిగింది. ఆ వంటింటిలోని పదార్థాలను గమనిస్తే ఒక చరిత్ర గ్రంథమే కనబడుతుంది. ఆకుకూరలన్నిటినీ అక్కడి భారతీయులు 'హెర్బ్స్' అంటారు. పెరటిలో మునగ, కరివేపాకు ఉంటాయి. డబ్బాలలో వచ్చే చేపను ఉల్లి, టమాటా, కారంతో వండిన పులుసు బీదవాని విందు. చిక్కుడుజాతి గింజల కూర నిత్యవంటకం. మాంసపు కూరలో బంగాళాదుంప తప్పదు. బిర్యానీలో సైతం పప్పుగింజలు పడతాయి. చేమదుంపను జూలూ మాటతో 'మదుంబే' అంటారు. మన 'దుంప' శబ్దంతో ఉన్న ఈ పోలికను చూసి ముచ్చటపడవచ్చును గాని, ధ్వనిసామ్యం ఒక్కటే ఆధారంగా చుట్టరికం కలపడం శాస్త్రం కాదు. వెస్ట్‌క్లిఫ్‌లోని 'బంగ్లాదేశ్ మార్కెట్' అనే సంతలో ఇవన్నీ దొరుకుతాయి.

డర్బన్ పేరు చెప్పగానే లోకం తలచుకొనే తిండి 'బనీ చౌ'. రొట్టె లోపలి మెత్తని భాగాన్ని తీసివేసి, ఆ గుంటలో కూర నింపి ఇస్తారు. పళ్ళెం అక్కరలేదు, గరిటె అక్కరలేదు. తీసిన రొట్టెముక్కే ముంచుకొని తినడానికి సాధనం. వ్యాపారి అనే అర్థంగల 'బనియా' శబ్దమే 'బనీ' అయిందని ఎక్కువమంది చెప్పుకొంటారు. పుట్టుక గురించి కథలు అనేకం ఉన్నా, హోటలులో కూర్చొని తినే హక్కు నల్లవానికి లేని కాలంలో చేతపట్టుకొని పోగల భోజనంగా అది వ్యాపించిందన్న మాట వాటిలో తరచు వినబడుతుంది. రుచి వెనుక ఎంత అవమానం దాగి ఉందో తినేవారికి తెలియకపోవచ్చు.

పండుగల విషయమూ అంతే. మారియమ్మ కొలుపులో అంబలి కాచి పంచుతారు. దానికి అక్కడి పేరు 'పోరిజ్ ప్రేయర్'. పురటాసి మాసమంతా మాంసం మాని, శనివారాలలో గోవిందుని కొలిచి, అరటాకులో భోజనం పెడతారు. చిత్తూరు ప్రాంతంవారికి ఈ తిరుమల శనివారాలను గురించి నేను వివరించనక్కరలేదు.

మరి భాష? పిల్లలు బడిలో ఆంగ్లం నేర్చారు, ఇంటిలోనూ అదే మిగిలింది. 1931లో ఏర్పడిన ఆంధ్ర మహాసభ తెలుగు తరగతులు నడిపి, పద్యాలు, భజనలు నేర్పి ఎంతో శ్రమించింది. అయినా నేటి యువతలో అధికులకు 'అమ్మ', 'తాత', 'అవ్వ' వంటి పిలుపులు, ఇంటిపేరుగా మారిన 'నాయుడు', 'రెడ్డి' శబ్దాలు మాత్రమే దక్కాయి. ఒక విశేషం చెప్పాలి. 1996 నాటి దక్షిణాఫ్రికా రాజ్యాంగం గౌరవించి ప్రోత్సహించవలసిన భాషల జాబితాలో మన భాష కూడా ఉంది. కాని అక్కడ దాని పేరు 'తెలెగు' అనే అక్షరక్రమంతో అచ్చయింది. వ్యాకరణం చెప్పుకొని బ్రతికినవానికి ఆ తప్పు కంటికి గుచ్చుకొంటుంది. అయితే ఒక దేశపు మూలశాసనంలో తప్పుగానైనా నిలిచిన ఆ పేరు వెనుక చెరకు నరికిన చేతులెన్ని ఉన్నాయో తలచుకొంటే, దిద్దడానికి ఎత్తిన కలం కాస్త ఆగుతుంది.

1994లో వర్ణవివక్ష ప్రభుత్వం పోయింది, పేదరికం పోలేదు. అద్దె బకాయిల పేరిట 1999-2000 నాటికి ఛాట్స్‌వర్త్ వాసులను ఇండ్లనుండి ఖాళీ చేయించబూనినప్పుడు భారతీయులూ, ఆఫ్రికన్లూ భుజం భుజం కలిపి ఎదుర్కొన్నారు. ఆ పోరాటాన్ని గురించి అశ్విన్ దేశాయి 2002లో రచించిన ఆంగ్ల గ్రంథానికి పెట్టిన పేరు 'వి ఆర్ ది పూర్స్'. మేము పేదలం అని అర్థం. అడ్డుగోడగా కట్టిన వాడే అడ్డుగోడను కొంతైనా దాటడం చిన్న విషయం కాదు.

ప్రవాసాంధ్రులు అనగానే నేడు మనకు విమానాలూ, వీసాలూ గుర్తుకు వస్తాయి. ఓడ అడుగున కూర్చొని పోయినవారు కూడా ప్రవాసాంధ్రులే. వారి మనుమలకు తెలుగు రాదని చిన్నచూపు చూడకుండా, అంబలి కాచే ఆ చేతులలో మన భాష వేరొక రూపంలో బ్రతికి ఉందని గ్రహించడం మన వంతు.